పచ్చ క్లిప్పు

గెంజిరో క్షవరశాలకు సోమవారం సెలవు. ఆ రోజు తలుపు అద్దానికి తెర దించి ఉంటుంది, వాకిట్లో ఎరుపూ తెలుపూ నీలం చారల గొట్టం తిరగదు. కానీ లోపలున్న రెండు కుర్చీల్లో ఒకటి మాత్రం ఖాళీగా ఉండదు. దాని మీద తెల్ల గుడ్డ పరిచి, గుడ్డ మీద బగ్గీని కూర్చోబెట్టి, కాలితో మీట తొక్కి కుర్చీని ఛాతీ ఎత్తుకు లేపుతాడు గెంజిరో. బండి వెనక భాగం చూడాలంటే కుర్చీనే తిప్పుతాడు.

"మనిషైతే కదులుతాడు, తుమ్ముతాడు, ఎవరింట్లో ఏం జరిగిందని అడుగుతాడు. ఇది బంగారు కొండ. చెప్పిన చోట చెప్పినట్టు కూర్చుంటుంది" అనేవాడు.

మూరకు కాస్త తక్కువ పొడవుండే పందెం కారు అది, బగ్గీ అంటారు. ముళ్ళ టైర్లు, బ్యాటరీతో తిరిగే మోటారు, మట్టిలో గుట్టల మీంచి ఎగిరి దూకినా కుదుపు తగలకుండా నాలుగు చక్రాలకూ నాలుగు నూనె షాకులు. నడిపేవాడి చేతిలో రిమోటు, రిమోటు మీద మనిషి చెయ్యంత పొడుగు ఏరియలు.

మిసావో ఆ షాపుకు మొదటిసారి వచ్చింది వాళ్ళ తాతయ్య క్షవరానికి తోడుగా. అప్పుడు పద్నాలుగేళ్ళు. ఏటి వెంబడి బస్సులో నలభై నిమిషాలు పైకి వెళితే వచ్చే తేయాకు పల్లె వాళ్ళది. బడిలో హాజరు పిలిస్తే పలికే మాట పక్క బల్ల దాకా కూడా వినపడదని పంతులమ్మ నవ్వేది. అలాంటి పిల్ల ఆ రోజు గిరాకీ లేక పక్క కుర్చీలో పెట్టిన బగ్గీని పావుగంట సేపు చూసి, "దీనికి ముందు చక్రాలు కొంచెం లోపలికి తిరిగి ఉన్నాయెందుకు?" అని అడిగింది. గెంజిరో కత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి అద్దంలోంచి ఆ పిల్లను చూశాడు. అంత మంచి ప్రశ్న తన దగ్గర బండ్ల పని నేర్చుకుంటున్న మేనల్లుడు రేజి మూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అప్పటినుంచి మూడేళ్ళుగా సోమవారాలు బడి అయ్యాక మిసావో అక్కడే. గెంజిరోను బాబాయ్ అనేది, ఆయన భార్య సుమియెని పిన్ని అనేది. ఇద్దరికీ పిల్లలు లేరు.

బాబాయ్ నేర్పే పద్ధతి ఆయన క్షవరంలాగే ఉండేది. తొందర లేదు, వదిలేయడం లేదు. మోటారు పళ్ళచక్రానికీ పెద్ద పళ్ళచక్రానికీ మధ్య పల్చటి కాగితం పెట్టి బిగించాలి, తర్వాత తిప్పితే కాగితం మడతలు పడి బయటికి రావాలి. చిరిగితే బిగువెక్కువ, మడత పడకపోతే వదులెక్కువ. షాకుల్లో నూనె పోశాక మూత పెట్టేముందు బుడగలన్నీ పైకి తేలేదాకా ఓ టీ తాగే సేపు ఆగాలి. బండి పొట్టకీ నేలకీ మధ్య ఎంత ఎత్తుండాలో కొలవడానికి ఆయన దగ్గర స్కేలు లేదు, జుట్టు దువ్వే దువ్వెనలే. పొడి నేలకు సన్న దువ్వెన, తడి నేలకు వెడల్పు దువ్వెన. పందెం అయ్యాక మట్టి దులపడానికి గడ్డం నురగ పూసే బ్రష్షు. పాతదే వాడతానని పిన్నికి మాటిచ్చాడు, కొత్తదే వాడేవాడు.

అన్నిటికన్నా ముందు నేర్పింది ఒకటుంది. "ముందు చెయ్యి, తర్వాత బండి." రిమోటు ఆన్ చేశాకే బండి ఆన్ చెయ్యాలి. బండి ముందు మేలుకుంటే దానికి చెప్పేవాడు లేక ఇష్టమొచ్చిన దారి పడుతుంది. మిసావో చేత ఇది వందసార్లు చేయించాడు. ఇంటి దగ్గర, పాత టీ కొట్టంలో, ఒక్కతే కూర్చుని ఇంకో వెయ్యిసార్లు చేసి ఉంటుంది. స్టీరింగు విప్పితే ఒకసారి, బిగిస్తే ఒకసారి, చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఒకసారి. చివరికి మనసుతో పనిలేకుండా బొటనవేలే మీటలు వెతుక్కునేది. ఆ పల్లెలో రిమోటు ఉన్నది ఆమె ఒక్కదానికే. ఎప్పుడు ఆన్ చేసినా అడిగేవాళ్ళు లేరు.

పందెం బాట దగ్గర సంగతి వేరు. అక్కడ ఒక చెక్క ఉంటుంది. దానికి ఆరు రంగుల బట్టల క్లిప్పులు. ఒక్కో రిమోటు ఒక్కో రంగు మీద మాట్లాడుతుంది, ఆ రంగు రిబ్బను ఏరియలు కొసకు కట్టుకోవాలి. ఒకే రంగు మీద రెండు రిమోట్లు ఒకేసారి వెలిగితే బండికి రెండు గొంతులు వినిపించి పిచ్చెత్తుతుంది. అందుకని చెక్క మీంచి తన రంగు క్లిప్పు తీసి ఏరియలుకు పెట్టుకున్నవాళ్ళే రిమోటు ఆన్ చెయ్యాలి. క్లిప్పు చెక్క మీద లేదంటే ఇంకెవరి దగ్గరో ఉందని, ఊరుకోవాలని. ఆ పందేల క్లబ్బు పెట్టిన నాటినుంచి చిన్నా పెద్దా అందరికీ అదే కట్టుబాటు.

రేజిది పచ్చ. మిసావోదీ పచ్చే. రెండూ బాబాయ్ ఇచ్చినవే. అందుకే వాళ్ళిద్దరినీ ఎప్పుడూ ఒకే పందెంలో దింపేవారు కాదు. ఒకరి తర్వాత ఒకరికి ఆ ఒక్క క్లిప్పే చేతులు మారేది.

షోవా అరవై ఒకటో ఏడు, అంటే పంతొమ్మిది వందల ఎనభై ఆరు, నవంబరు మూడో ఆదివారం. తేయాకు పనులు అయిపోయి కొండవాలుల్లో కమలాలు రంగు తిరిగే రోజులు. వరాషినా ఏటి పక్కన, నీళ్ళు తగ్గిన మేటలో మట్టి పోసి, వంపులూ గుట్టలూ కట్టిన బాట మీద ఆ ఏడాది ఆఖరి పందెం. గెలిచినవాళ్ళు నగోయాలో జరిగే పెద్ద పోటీకి వెళతారు. రేజి మార్చిలో హైస్కూలు ముగించి హమమత్సులో ఫ్యాక్టరీకి వెళ్ళిపోతాడు, ఇంక ఆదివారాలు ఉండవు. ఇదే చివరి అవకాశమని అతనికి తెలుసు. అతనికన్నా బాబాయ్‌కి ఎక్కువ తెలుసు. పదిహేనేళ్ళుగా బండ్లు కడుతున్న మనిషి. ఆయన కట్టిన బండి ఒక్కటీ ఈ ఏరు దాటి పోలేదు. తను నడపలేడు. చేతులున్నంత చురుగ్గా కళ్ళుండవని తనే అనేవాడు.

ఆదివారం క్షవరశాలలు కిటకిటలాడే రోజు. పిన్ని ఒక్కతే షాపు చూసుకుంటానని, "గెలవకుండా వస్తే మాత్రం రేపు మీ తల నేనే గొరుగుతా" అని బాబాయ్‌ని పంపించింది.

పొద్దున్నే రేజి తన ధోరణిలో మొదలెట్టాడు. "ఏమే టీ ఆకూ, ఇవాళైనా నోరు తెరుస్తావా?"

"నీ బండి వెనక టైరుకి గడ్డి చుట్టుకుంది" అంది మిసావో.

"అబ్బో, ఆరు మాటలు! మామయ్యా, తారీఖు రాసి పెట్టుకో."

"నోరు మూసుకుని ఆ గడ్డి తియ్యరా" అన్నాడు బాబాయ్. "ఆ పిల్ల మాట్లాడకపోయినా స్క్రూలు ఆ పిల్ల మాట వింటాయి. నువ్వెంత వాగినా నీ మాట ఒక్కటీ వినదు."

మధ్యాహ్నానికి రేజి, నగోయాకి ఎవరో తేల్చే పెద్ద పందెంలోకి వచ్చాడు. మిసావో దాని తర్వాతి చిన్న పందెంలో ఉంది. ఆమె బండి ఉదయం ఒక గుట్ట మీద బోల్తాపడి ఎడమకు లాగుతోంది. మూడో వంపు పక్కనే వేసిన నీలం పట్టా కింద, బల్ల మీద బండి పెట్టుకుని విప్పింది. ఎడమ చక్రాన్ని తిప్పే కడ్డీ వంగి ఉంది. కొత్తది వేసింది. తన పందెం ఐదు నిమిషాల్లో ఉంది. బాట మీద రేజి బండి అందరికన్నా ముందుంది. ఆ మోటారు మోత ప్రతి చుట్టుకూ పట్టా పక్కనుంచి దూసుకుపోతుంటే, తల ఎత్తకుండానే చెవితో లెక్కపెడుతోంది మిసావో. ఇంకా రెండు చుట్లు. బాబాయ్ వేసిన షాకుల నూనె ఎంత చక్కగా పనిచేస్తోందో, దూకినప్పుడు టప్పుమని ఒక్క చప్పుడే వస్తోంది, రెండోది లేదు.

కడ్డీ బిగించింది. చక్రాలు తిన్నగా ఉన్నాయా? బొటనవేలు రిమోటు మీట పైకి నెట్టింది. ముందు చెయ్యి. తర్వాత బండి. బల్ల మీద చక్రాలు ఒక్కసారి కొట్టుకుని నిలిచాయి.

అదే క్షణంలో పక్కన మోటారు కీచుమంది. అలా ఎప్పుడూ అరవదది. మిసావో తలెత్తింది. రేజి బండి వంపులో తిరగకుండా, పూర్తి వేగంతో బాట దాటి, గట్టెక్కి, అంచున పాతిన ఇనప గొట్టాన్ని కొట్టుకుని గాలిలో పల్టీ కొట్టింది.

ఆమె చూపు చెక్క మీదికి పోయింది. పందెంలో ఉన్నవాళ్ళ క్లిప్పులేవీ లేవు. పచ్చ చోటు ఖాళీ.

రిమోటు ఆపేసింది. ఆన్ చేసి ఆపేసరికి రెండు లెక్కపెట్టేంత సేపు కూడా అయి ఉండదు. ఏరియలు బయటికి లాగనే లేదు.

అందరూ గొట్టం దగ్గరికి పరిగెత్తారు. ఇనప సామాన్ల కొట్టు ఒగురి క్లబ్బు పెద్ద, ఆయన మైకు పట్టుకునే పరిగెత్తాడు. రేజి రిమోటుతో సహా, బండ్లు నడిపేవాళ్ళు నిలబడే వేదిక దిగి వచ్చాడు. బండి ముందు భాగం చితికిపోయింది. ముందు చక్రాలను కుడికీ ఎడమకీ మళ్ళించే చిన్న మోటారు తాలూకు చెయ్యి ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే స్క్రూ లేదు. మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో వెతికారు, దొరకలేదు.

"నేను కుడికి తిప్పాను మామయ్యా! కుడికే తిప్పాను. అది వినలేదు" అంటున్నాడు రేజి, అదే మాట మళ్ళీ మళ్ళీ.

ఒగురి నడుం నిటారు చేసి చుట్టూ చూశాడు. "ఎవరైనా పచ్చ ఆన్ చేశారా?"

పచ్చ ఇద్దరిదేనని అందరికీ తెలుసు. రేజి మెల్లగా మిసావో వైపు తిరిగాడు. "టీ ఆకూ, నువ్వు గానీ..."

"ఆ పిల్లనెందుకురా అడుగుతావు?" అన్నాడు బాబాయ్, నేల మీంచి లేవకుండానే. "మిసావోకి నేర్పింది నేను. క్లిప్పు లేకుండా రిమోటు ముట్టుకునే పిల్ల కాదు. ఇది నా పని." అరచేతిలో ఆ విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిన్న ఈ స్క్రూ విప్పాను. మళ్ళీ వేశాను. వేసేముందు ఊడిరాకుండా జిగురు చుక్క పెట్టాలి. రోజూ పెడతాను. నిన్న పెట్టానా... పెట్టే ఉంటాను. కానీ పెట్టినట్టు గుర్తు రావట్లేదు."

రోజూ చేసే పని ఒక్కరోజు చేశామో లేదో ఎవరికి మాత్రం గుర్తుంటుంది? తలుపు గడియ వేశామా అని దారి మధ్యలో ఆగిపోయే మనుషులే కదా అందరూ. మిసావోకు ఆ సంగతి అప్పుడే అర్థమైంది. ఒక్క మాట చాలు. ఆన్ చేశాను. రెండే మాటలు. నోరు తెరిచింది.

"బాబాయ్..."

ఆయన తలెత్తి చూసి, ఆ పిల్ల తనను చూసి జాలిపడుతోందనుకున్నాడు. "ఏం పర్లేదమ్మాయ్. నీ పందెం టైమైంది, వెళ్ళు. ఒరేయ్, ఆ పిల్లకి క్లిప్పియ్యి."

రేజి ఏరియలు మీంచి పచ్చ క్లిప్పు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత మామయ్య వైపు తిరిగి, అందరూ వింటుండగానే, "ఇంకెప్పుడూ నా బండి ముట్టుకోకు" అన్నాడు. బాబాయ్ తల వంచాడు. మామూలుగా వంచే వంపు కాదది. షాపు తెరిచిన కొత్తలో మొదట వచ్చిన మనిషికి వంచి ఉంటాడు అంత కిందికి. మేనల్లుడికి.

ఆ చిన్న పందెంలో మిసావోకు రెండో స్థానం వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఐదు దాటి పైకి రాలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఒగురి భార్య నల్ల పులుసులో ఉడికిన ముల్లంగి ముక్క పుల్లకు గుచ్చి, ఆవపిండి అద్ది, "తిను తల్లీ, గెలిచావుగా" అని చేతిలో పెట్టింది. మిసావో దాన్ని బస్సు దాకా పట్టుకునే వెళ్ళి, బస్టాపు వెనక పారేసింది.

మర్నాడు సోమవారం. బస్సులో మాటలన్నీ పేర్చుకుంది. బాబాయ్, నిన్న నేనే. అంతే చాలు, తక్కింది ఆయనే అడుగుతాడు. షాపులోకి వెళ్ళేసరికి రెండు కుర్చీలూ ఖాళీ. తెల్ల గుడ్డ మడతపెట్టి ఉంది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని కమలాపండు ఒలుస్తున్నాడు, తొనల మీది తెల్ల నారలు ఒక్కొక్కటీ తీస్తూ.

"పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను" అన్నాడు. "కళ్ళు శుభ్రంగా ఉన్నాయిట. నీ వయసుకి ఇంత చూపుండడం అదృష్టమన్నాడు. అంటే కళ్ళది కాదు తప్పు. చెయ్యే మరిచిపోతోంది."

అక్కడ చెప్పాల్సింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, చెప్పడానికి అంతకన్నా మంచి చోటు మిసావోకు కనపడలేదు. ఆయనే తలుపు తెరిచి పెట్టినట్టుంది. కానీ ఆమెకు నిన్నటి ఆ మాట చెవిలో ఉంది. క్లిప్పు లేకుండా ముట్టుకునే పిల్ల కాదు. అంతమంది ఎదుట తన తరఫున హామీ పడ్డ మనిషికి, హామీ తప్పని ఏ మొహంతో చెప్పడం? రేపు చెబుదాం అనుకుంది.

"పండు తింటావా?" అన్నాడాయన.

"తింటాను" అంది.

తర్వాతి సోమవారం పరీక్షలని చెప్పి వెళ్ళలేదు. ఆ తర్వాత జలుబని. మోసిన కొద్దీ ఆ మాట బరువెక్కింది. ఒక్కరోజు దాచినందుకు ఒక క్షమాపణ చాలు, మూడు వారాలు దాచినందుకు ఎన్ని కావాలి? నగోయా పోటీ కూడా అయిపోయింది. ఇక్కణ్ణుంచి సైకిలు షాపు వాళ్ళబ్బాయి వెళ్ళి మొదటి రోజే వెనక్కి వచ్చాడని విన్నది. రేజి తన బండిని పట్నంలో ఒక కొట్టువాళ్ళకు బాగుచెయ్యడానికి ఇచ్చాడనీ, అప్పటినుంచి మామయ్య గడప తొక్కలేదనీ కూడా విన్నది.

కొత్త సంవత్సరానికి ముందు అందరూ తల బాగుచేయించుకుంటారు. ఏడాది చివరి వారం గెంజిరో షాపు సోమవారం కూడా తెరిచి ఉంటుంది. డిసెంబరు ఇరవైతొమ్మిదిన తాతయ్య, "పద, మొదటి బస్సుకే పోవాలి. ఆలస్యమైతే ఊరి తలలన్నీ మనకన్నా ముందుంటాయి" అని మిసావోను బయల్దేరదీశాడు. తప్పించుకోవడానికి ఆమె దగ్గర సాకులు అయిపోయాయి.

షాపు అప్పుడే తెరిచారు. ఇంకెవరూ లేరు. బాబాయ్ కాస్త చిక్కినట్టు కనిపించాడు. "ఏమ్మాయ్, జలుబు తగ్గిందా?" అన్నాడు, నిజంగానే కనుక్కుంటున్నట్టు. తాతయ్య జుట్టు కత్తిరించాడు. కత్తెర ఎప్పటిలాగే సన్నగా, తెంపు లేకుండా ఆడింది. కుర్చీ వెనక్కి వాల్చి, తాతయ్య మొహం మీద వేడి తువ్వాలు కప్పి, పక్కకు జరిగాడు. "సుమియే" అని పిలిచాడు. పిన్ని కత్తి పుచ్చుకుని వచ్చింది.

తువ్వాలు కిందనుంచి తాతయ్య గొణిగాడు. "అదేంటి? నా గడ్డం ముప్ఫై ఏళ్ళుగా నువ్వేగా గీసేది."

"ఇప్పుడు గడ్డాలు సుమియే చూస్తోంది పెద్దాయనా."

"ఎందుకూ? నీ చేతికేమొచ్చింది?"

"ఏం రాలేదు. చెయ్యి మరుపు మీదుంది." నవ్వడానికి ప్రయత్నించాడు. "బండి స్క్రూ మరిస్తే బండి పోతుంది. కత్తి మెడ మీద ఉన్నప్పుడు ఏదన్నా మరిస్తే? అందుకని మానేశాను."

"ఆరు వారాలుగా ఇదే వరస" అంది పిన్ని, నురగ కలుపుతూ. "కత్తి పట్టుకోమంటే దయ్యాన్ని చూసినట్టు చూస్తారు. ముప్ఫైరెండేళ్ళలో ఒక్కళ్ళకి గాటు పడలేదు ఈ మనిషి చేతిలో."

మిసావో తలుపు పక్క బెంచీ మీద కూర్చుని ఉంది. తను దాచింది ఒక పందెం గురించిన మాటని ఇన్నాళ్ళూ అనుకుంది. అది ఈ షాపులోకి, ఈ కుర్చీ దాకా వచ్చిందని ఆమెకు తెలియదు.

"బాబాయ్, మీరు స్క్రూ మరిచిపోలేదు" అంది. గొంతు తనకే కొత్తగా, గట్టిగా వినిపించింది. "నేను పచ్చ ఆన్ చేశాను. బల్ల దగ్గర. క్లిప్పు చూడలేదు. నేను ఆన్ చేసినప్పుడే రేజి బండి పోయింది. నాకు అప్పుడే తెలుసు."

నురగ బ్రష్షు గిన్నె అంచుకు తగిలి ఆగింది. తువ్వాలు కింద తాతయ్య కూడా కదల్లేదు.

బాబాయ్ అడిగాడు. "ఎంతసేపు?"

"రెండు లెక్కపెట్టేలోపు."

"ఏరియలు లాగావా?"

"లేదు."

"లాగకపోతే అంత దూరం పోదు. బండి సరిగ్గా నీ పక్కకి వచ్చినప్పుడే అయ్యుంటుంది. మూడో వంపులో." లెక్క కుదురుతోందో లేదో చూసుకుంటున్నట్టు తల ఊపాడు. "అంటే స్క్రూ దెబ్బకి తెగింది. ముందే ఊడింది కాదు."

"కాదు."

"నెలన్నర!" అంది పిన్ని. కళ్ళు ఎర్రబడ్డాయి. "నెలన్నర నుంచీ ఈయన గ్యాసు కట్టారో లేదో మూడుసార్లు లేచి చూసుకుంటున్నారు. తలుపు తాళం మూడుసార్లు. మా ఇంటి పిల్లవే కదమ్మా నువ్వు. ఎలా ఊరుకోగలిగావు?"

మిసావో నేల మీదికి వంగిపోయింది. "క్షమించండి" అంది.

బాబాయ్ ఆమెను లేవమనలేదు, ఉండమనలేదు. ఫోను దగ్గరికి వెళ్ళి నంబరు తిప్పి, రిసీవరు ఆమెకు చాచాడు. "రేజికి నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

చెప్పింది. ఈసారి మాటలు తక్కువే పట్టాయి. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. "మామయ్య ఉన్నాడా అక్కడ?" అన్నాడు రేజి, ముక్కు దిబ్బడేసినట్టున్న గొంతుతో. "ఫోనియ్యి."

బాబాయ్ గోడ వైపు తిరిగి మాట్లాడాడు. "ఊఁ... ఊఁ... లేదురా. నేనైనా అలాగే అనేవాణ్ణి... ఏడవకురా, పద్దెనిమిదేళ్ళొచ్చాయి నీకు... పండక్కి రా. మీ అత్త బియ్యం మోచీలు కాలుస్తుంది... బండీ? బండి వాళ్ళ దగ్గరే ఉండనీ. బాగానే కడతారు వాళ్ళు."

ఫోను పెట్టేసి కుర్చీ దగ్గరికి వచ్చాడు. తువ్వాలు చల్లారిపోయింది. తీసి కొత్త వేడి తువ్వాలు కప్పాడు, మళ్ళీ తీశాడు, నురగ తనే పూశాడు. పిన్ని కత్తి అందించింది. తోలు పట్టీ మీద అటూ ఇటూ నాలుగుసార్లు సానపెట్టాడు. ఎడమ చేతి వేళ్ళతో తాతయ్య చెంప సాగదీసి, కత్తిని చెవి కిందికి తెచ్చాడు.

చెయ్యి వణకలేదు. మిసావో కళ్ళారా చూసింది, ఆ చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. కానీ కిందికి దిగలేదు. కత్తికీ చర్మానికీ మధ్య సన్న దువ్వెనంత దూరం కూడా లేదు. అక్కడే ఆగింది. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది.

"ఏం గెంజిరో, నిద్రపోయావా?" అన్నాడు తాతయ్య కళ్ళు మూసుకునే.

"లేదు పెద్దాయనా." కత్తి మడిచి పిన్ని చేతిలో పెట్టాడు. "తప్పు నాది కాదని బుర్రకి తెలిసింది. చేతికి ఇంకా తెలియలేదు. ఆరు వారాలు అది వేరే మాట విని అలవాటు పడింది."

"క్షమించండి బాబాయ్" అంది మిసావో మళ్ళీ.

"ఒకసారి చెప్పావుగా. చాలు." గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "రెండోసారి చెబితే నేను పర్లేదు అనాల్సి వస్తుంది. ఆ మాట ఇవాళ నా దగ్గర లేదమ్మాయ్. ఆ రోజు సాయంత్రం వచ్చి చెప్పి ఉంటే, ఉండేది."

పిన్ని వంగి తాతయ్య గడ్డం గీయడం మొదలుపెట్టింది. బాబాయ్ కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, ఆమె చేతినే చూస్తున్నాడు. తలుపు తోసుకుని ఇంకో ఇద్దరు లోపలికి వచ్చారు, చలికి చేతులు రుద్దుకుంటూ. "ఎంతసేపు పడుతుంది గెంజిరో?" అని ఒకాయన అడిగాడు.

"జుట్టుకైతే నేనున్నాను, కూర్చోండి" అన్నాడు బాబాయ్. "గడ్డానికైతే ఆగాలి."